కర్తో ఎంచిన పుంజు

రుబియెమ్‌కి నోట్లో నాలుక లేదని మా పల్లెలో అందరూ అంటారు. ఉంది. ఇరవై రెండేళ్ళుగా పక్కింట్లో ఉన్నదాన్ని, నాకు తెలుసు. కాకపోతే దానితో ఆవిడ "అలాగే" అన్న ఒక్క మాటే అనేది. మొగుడు ఏమన్నా అలాగే, అత్త ఏమన్నా అలాగే, సంతలో బేరగాడు గుడ్లు చిన్నవిగా ఉన్నాయన్నా అలాగే. ఒకసారి బస్సువాడు దిగాల్సిన చోటు దాటించేసి "ఇక్కడ దిగమ్మా" అంటే, అలాగే అని దిగి, గుడ్లబుట్ట వీపున కట్టుకుని నాలుగు కిలోమీటర్లు వెనక్కి నడిచి వచ్చింది. అలాంటి మనుషులంటే నాకు ఒళ్ళు మంట. రుబియెమ్ అంటే మాత్రం ఇష్టం. రెండూ నిజమే.

మాది జావాలో గునుంగ్‌కిదుల్ వైపు. ఎక్కడ తవ్వినా సున్నపురాయి. వానలున్నన్నాళ్ళు వరి, ఆ తర్వాత కర్రపెండలం, ఆ తర్వాత ఓపిక. పొలం లేనివాళ్ళకి పెరట్లో కోళ్ళే పొలం. రుబియెమ్‌కి పద్నాలుగు పెట్టలుండేవి. అయిదు రోజులకోసారి వచ్చే సంతకి గుడ్లూ పిల్లలూ మోసుకెళ్ళి, ఉప్పూ ఎండుచేపా సబ్బూ తెచ్చుకునేది. పుంజు మాత్రం ఎప్పుడూ ఒక్కటే. అంత చిన్న పెరట్లో రెండు పుంజులుంటే రోజూ నెత్తురే. అందుకని రెండుమూడేళ్ళకోసారి, ఎదిగిన పుంజుల్లో ఏది ఉండాలి, ఏది పోవాలి అన్న ప్రశ్న వచ్చేది. దానికి జవాబు చెప్పే హక్కు ఆవిడ మొగుడు కర్తోది.

కర్తో పుంజుల పండితుడు. ఆ మాట ఎవరూ అనలేదు, ఆయనే చెప్పుకునేవాడు. కాలి మీద పొలుసులు లెక్కపెట్టేవాడు. సరిసంఖ్య వస్తే బేసి వచ్చేదాకా మళ్ళీ లెక్కపెట్టేవాడు. నెత్తిన తురాయికి ఎన్ని మొనలు, తెల్లారి మొదటి కూత ఏ దిక్కు తిరిగి కూసింది, గుడ్డు పగిలింది ఏ వారం, అన్నీ విచారించి, అరుగు మీద కూర్చుని సిగరెట్టు వెలిగించి తీర్పు చెప్పేవాడు. ముప్పై నాలుగేళ్ళలో పదమూడు పుంజుల్ని ఎంచాడు. పదమూడూ దండగే. ఒకటి పెట్టల్ని చూస్తే పారిపోయేది. ఒకటి నడుస్తూ నడుస్తూ నిద్రపోయేది. ఒకటి మా అత్తగారిని తప్ప ఇంకెవరినీ పొడిచేది కాదు. దాన్నొక్కదాన్ని పూర్తిగా దండగని నేనెలా అంటాను? ప్రతిసారీ కర్తో కొత్త పుంజుని చంకలో పెట్టుకొచ్చి "ఎలా ఉంది?" అని అడిగేవాడు. రుబియెమ్ "చాలా బాగుంది" అనేది.

ఆఖరుగా ఎంచినదానికి ఆయనే రాజావారని పేరు పెట్టాడు. తోక నేలకి జీరాడేది, మెడ మీద ఈకలు మేలిమి బంగారం. పైన పటారం, లోన లొటారం. గింజ కనబడితే పెట్టల్ని పిలవడం పుంజు ధర్మం. రాజావారు చప్పుడు చేయకుండా తామే మింగేవారు. గద్ద నీడ పడితే అరిచి చెప్పడం పుంజు ధర్మం. రాజావారు అందరికంటే ముందు వెళ్ళి వంటింట్లో పొయ్యి వెనక ఉండేవారు. ఇంతవరకైతే ఎవరైనా సర్దుకుంటారు. అసలు తంటా ఏమిటంటే ఆయన ఏలుబడిలో గుడ్లు పిల్లలయ్యేవి కావు. పెట్ట పన్నెండు గుడ్ల మీద ఇరవై ఒక్క రోజులు తిండీ తిప్పలూ మాని కూర్చుంటే, ఒక్క పిల్ల లేచేది. ఒక్కోసారి అదీ లేదు.

రాజావారు వచ్చిన రెండేళ్ళకి కర్తో పోయాడు. బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. రుబియెమ్ మూడో రోజు, ఏడో రోజు, నలభయ్యో రోజు, నూరో రోజు, అన్నీ చేసింది. ఇక మిగిలింది వెయ్యో రోజు. మాకు దానితో సరి. ఆ రోజు పుంజునొకదాన్ని ముక్కలు చేయకుండా, తల వంచి మొక్కుతున్నట్టు కాళ్ళూ రెక్కలూ మడిచి కట్టి, కొబ్బరిపాలలో ఉడికిస్తారు. ప్రార్థన చదివించి దాన్ని ఊరి మగవాళ్ళకి పంచిపెడితే, పోయినవాడు నిజంగా పోయినట్టు లెక్క.

ఈలోగా పద్నాలుగు పెట్టలు ఆరయ్యాయి. కొన్ని గద్ద పాలు, కొన్ని పునుగుపిల్లి పాలు, కొన్ని వయసు పాలు. వాటి స్థానంలోకి వచ్చే పిల్లలు లేవు. ఇంకో ఏడాది ఇలాగే సాగితే రుబియెమ్ సంతకి ఖాళీ బుట్ట మోసుకెళ్ళాల్సిందే.

అలాంటిది, ఆ ఏడు ఒక పెట్ట తొమ్మిది పిల్లల్ని లేపింది. రాజావారికి పడుచుదనం తిరిగొచ్చిందని ఊరంతా అనుకుంది. మా పెరట్లో ఒక పొట్టి పుంజు ఉంది, దానికి కంచె అంటే లెక్కలేదు. పిల్లల తండ్రి ఎవరో నాకు తెలుసు, రుబియెమ్‌కీ తెలుసు. ఆ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ తొమ్మిదిలో బతికి ఎదిగినవి మూడు పెట్టలు, రెండు పుంజులు. ఒక పుంజు ఎర్రది. చూడ్డానికి కళ్ళు చాలవు, బుద్ధులు మాత్రం అచ్చం రాజావారివే. రక్తం లేకపోయినా సావాసదోషం. రెండోది చుక్కలది. మిగిలిపోయిన ఈకలు ఏరి అతికించినట్టుండేది. తురాయి ఒక పక్కకి వాలిపోయింది, ఒక వేలు వంకర. కానీ దానికి వానపాము దొరికిందంటే, నోట కరుచుకుని కింద పెట్టి, పెట్టల్ని పిలిచి, అవి తింటుంటే పక్కన నిలబడేది. ఒకరోజు గద్ద దిగింది. చుక్కలది ఒకే ఒక్క పొడుగు అరుపు అరిచింది. కళ్ళు మూసి తెరిచేలోగా పెట్టలన్నీ కర్రపెండలం ఆకుల కిందికి దూరిపోయాయి. అందరూ దూరాక అది దూరింది. నా బచ్చలి మడిలో నిలబడి నేను కళ్ళారా చూశాను. ఆ బచ్చలి మడిని కెలికిందీ అదే, అయినా న్యాయం న్యాయమే.

వెయ్యో రోజు ఇంకో నెల ఉందనగా రుబియెమ్ కంచె దగ్గరికొచ్చింది.

"తుమీ, ఏది ఉంచుదామే?"

"చుక్కల్ది. అడగడానికేముందక్కా ఇందులో?"

"మరి ఎర్రది?"

"వెయ్యో రోజుకి కుండలోకి."

"మరి..." అని ఆగిపోయింది. ఇద్దరం అటు చూశాం. రాజావారు దుమ్ములో పొర్లుతున్నారు.

"ఆయన ఎంచిందే," అంది.

"ఆయన ఎంచాడు కాబట్టే చెప్తున్నా. రాజావారుండగా చుక్కల్దాన్ని పెట్టల దగ్గరికి రానిస్తారా? ఒక్కరోజు రానివ్వరు. తాము చెయ్యరు, ఇంకొకళ్ళని చెయ్యనివ్వరు. నీకు కోళ్ళు కావాలా, జ్ఞాపకాలు కావాలా?"

"చూద్దాం," అంది. ఆవిడ నోట 'చూద్దాం' అంటే మహా తిరుగుబాటు. నాకు కాస్త ఆశ పుట్టింది.

ఆ తర్వాత ఊరంతా తిరిగి అడిగిందట. మా ఊరివాళ్ళ సంగతి తెలిసిందే కదా, ఇల్లు కాలుతున్నా "కాస్త వెచ్చగా ఉన్నట్టుందండీ" అంటారు. ప్రార్థనలు చదివే కావుమ్‌గారు మూడూ మూడు రత్నాలన్నాడు. సంతలో గుడ్లు కొనే ఆవిడ, "కర్తోగారి చేతి చలవ, ఎలా తీసేస్తావులే" అంది. చుక్కలది ఉంచమని నేను తప్ప ఎవరూ చెప్పలేదు. నా మాటకి ఊళ్ళో విలువెంతో అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే సస్త్రో వచ్చాడు. కర్తోకి అన్నగారు, డెబ్భై దాటినవాడు, పక్క పల్లెలో ఉంటాడు. ఆయనా పుంజుల పండితుడే, ఆ ఇంట్లో అది జబ్బు. ఏర్పాట్లు మాట్లాడాడు, ఉడికించిన దుంప తిన్నాడు, టీ తాగాడు, పెరట్లోకి చూశాడు.

"పుంజులు బాగా ఎదిగాయమ్మా."

"ఒకటి తీసుకెళ్ళండి బావగారూ."

"అబ్బే, ఎందుకమ్మా."

"పర్లేదు, తీసుకెళ్ళండి."

"వద్దులే, మా ఇంట్లో లేవా ఏంటి."

అక్కడితో ఆగాలి. మాలో ఇవ్వడానికొక పద్ధతి ఉంది. మొదటిసారి తీసుకోమంటే అది పలకరింపు. రెండోసారి అంటే అది మర్యాద. రెండుసార్లూ ఎదుటివాళ్ళు వద్దంటారు, అందరూ హాయిగా ఇంటికెళ్తారు. మూడోసారి అంటే మాత్రం నిజంగానే ఇస్తున్నట్టు. అప్పుడు కాదంటే ముఖాన ఉమ్మినట్టు. ఇది పాలు మరవని పిల్లలకి కూడా తెలుసు.

సస్త్రో లేచాడు, చెప్పులు వేసుకున్నాడు. రుబియెమ్ గుమ్మం దాకా వచ్చింది. పెద్దాయన్ని ఒట్టి చేతులతో పంపుతున్నానన్న బెంగ పట్టుకుందనుకుంటా.

"ఊరికే వెళ్తారా బావగారూ, ఒకటి పట్టుకెళ్ళండి," అంది.

కంచెకి ఇవతల నేను కళ్ళు మూసుకున్నాను. మొహమాటానికి పోతే కడుపైందన్న సామెత ఊరికే పుట్టలేదు.

సస్త్రో అక్కడే నిలబడిపోయాడు. పాపం, ఆయనకీ పుంజు అక్కర్లేదు, ముఖం చూస్తేనే తెలుస్తోంది. అయినా ఏం చేస్తాడు? మంచిది అడిగితే ఆశపోతంటారు. అందుకని పెద్దరికంగా అన్నిటికంటే నాసిదాన్ని అడిగాడు.

"మంచివి రెండూ నీకే ఉండాలమ్మా. ఆ చుక్కల్ది చాలు నాకు."

"అలాగే బావగారూ," అంది రుబియెమ్. తనే పట్టి, కాళ్ళు కట్టి, చేతికిచ్చింది.

ఆయన మలుపు తిరిగేదాకా ఆగి, కంచె దాటి వెళ్ళాను.

"నువ్వు మనిషివా, రోలువా? మూడోసారి ఎవరడగమన్నారు?"

"నోటికొచ్చేసిందే."

"వెళ్ళి వెనక్కి అడుగు."

"ఇచ్చిందాన్ని ఎలా అడుగుతానే? ఏమనుకుంటారు?"

"ఏదో ఒకటి అనుకుంటారు. అనుకుంటే ఒంటి మీద దద్దుర్లొస్తాయా?"

అడగలేదు. ఆ వారంలోనే గద్ద మళ్ళీ వచ్చింది. ఎర్రదీ రాజావారూ పొయ్యి వెనక కలుసుకున్నారు. పడుచు పెట్టల్లో ఒకటి పోయింది. ఈకలు మాత్రం బావి దాకా పడి ఉన్నాయి. రుబియెమ్ ఆ ఈకలు ఒక్కొక్కటే ఏరుతూ, నా వైపు చూడకుండా అంది.

"తుమీ, నాకు కర్తో మీద కోపం వస్తోంది. చచ్చిపోయిన మనిషి మీద కోపం రావచ్చా?"

"రావచ్చు. నాకు బతికున్నాయన మీదే రోజూ వస్తుంది."

ఆవిడ నవ్వలేదు. ఈకలన్నీ కొంగులో కట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వెయ్యో రోజు పొద్దున్నే సస్త్రో దిగాడు. చేతిలో, కాళ్ళు కట్టేసి తలకిందులుగా, మన చుక్కలది.

"పెద్దవాణ్ణి, తమ్ముడి వెయ్యో రోజుకి పుంజు నేనివ్వడం ధర్మం," అన్నాడు. "ఎర్రదాన్ని కొయ్యకమ్మా. లక్షణమైంది. పొలుసులు లెక్కపెట్టా, బేసి. రాజావారి తర్వాత దాన్నే ఉంచుకో. దీన్ని వండేయ్."

"అలాగే బావగారూ," అంది.

ఆయన ముందుగదిలో చాపలు పరిపించడానికి వెళ్ళాడు. రుబియెమ్ వంటింటి గడప మీద కూర్చుని, చుక్కలదాన్ని ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళకి కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టింది. ముడి బిగుసుకుపోయింది, పళ్ళతో లాగింది. నేను గొంతు తగ్గించి చెప్పాను.

"ఎర్రదాన్ని కోసేద్దామక్కా. కుండలోకెళ్ళాక ఏ రంగైతే ఎవరికి తెలుస్తుంది? లేతగా కూడా ఉంటుంది."

"ఎర్రదాన్ని కోస్తే రాజావారు మిగులుతారు."

"మిగిలితే ఏమైంది? తర్వాత చూసుకోవచ్చు."

"తర్వాత చూసుకోను. నా సంగతి నాకు తెలీదా? ఎవరో వచ్చి ఆయన జ్ఞాపకం అంటారు, నేను అలాగే అంటాను. ఈ చుక్కల్దాన్ని ఆ పీనుగు పొడిచి చంపేస్తాడు. సంతకి ఏం పట్టుకెళ్ళాలే నేను? నా బుట్టలో ఏం పెట్టుకోవాలి?"

రాజావారిని ఆవిడ పీనుగు అనగా వినడం నాకు అదే మొదలు.

లేచి పెరట్లోకి నడిచింది. రాజావారు దుమ్ముస్నానంలో ఉన్నారు. ఎవరూ ఏనాడూ తరమలేదు కాబట్టి పారిపోవాలని తోచలేదు. చంకలో పెట్టుకుని బావి దగ్గరికి తీసుకొచ్చింది. అక్కడ మా ఆయన కత్తి నూరుతున్నాడు.

"ఇది... కర్తోగారి..." అన్నాడు.

"అవును."

"మరి సస్త్రోగారు తెచ్చింది కదా..."

"ఇదే. కొయ్యి."

రుబియెమ్ నోట ఇలాంటి మాట విని ఎరగడేమో, మా ఆయన కంగారుపడి, దేవుడి పేరు తలుచుకుని కోసేశాడు. నేను చెబితే ఏ పనైనా అంత చప్పున చేశాడా ఎప్పుడైనా?

ఏడింటికి కుండ పొయ్యెక్కింది. మధ్యాహ్నానికి మూడు విడతలు కొబ్బరిపాలు పోశాం. కట్టెలు అయిపోతే మా ఇంటి నుంచి తెచ్చాను. వెదురుపుల్లతో గుచ్చి చూస్తే పుల్ల విరిగింది. మూడింటికి రెండో పుల్లా విరిగింది. ఇంక ఆగడానికి వీల్లేదు, మగవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. రాజావారు తల వంచి, రెక్కలు ముడిచి, బతికినన్నాళ్ళూ లేని వినయంతో పళ్ళెంలోకి దిగారు.

కావుమ్‌గారు ప్రార్థన చదివాడు. తర్వాత ఆనవాయితీ ప్రకారం పుంజుని చేత్తో విడదీయబోయాడు. కాలు పట్టుకుని లాగాడు. రాలేదు. దేవుడి పేరు మళ్ళీ చెప్పి లాగాడు. పళ్ళెం వచ్చింది గానీ కాలు రాలేదు. సస్త్రో రెండో కాలు పట్టుకున్నాడు. ఇద్దరు పెద్దమనుషులూ ఎదురెదురుగా కూర్చుని లాగారు. పద్దెనిమిది మంది చూస్తున్నారు, ఒక్కరూ నవ్వలేదు. మా ఊరివాళ్ళకి నేను దణ్ణం పెట్టేది ఏదైనా ఉందంటే అందుకే. చివరికి కత్తి తెప్పించారు.

"కండ ఉన్న పుంజు," అన్నాడు ఒకాయన నములుతూ.

"పాతకాలపు రుచి," అన్నాడు ఇంకొకాయన, చాలాసేపటికి.

ప్రార్థన పావుగంట జరిగితే నమలడం ముప్పావుగంట జరిగింది. కర్తో కోసం అంతసేపు అంత మౌనంగా అంతమంది కూర్చోవడం అంతకుముందు లేదు.

అందరూ వెళ్ళాక సస్త్రో చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చాడు. నేను గిన్నెలు తోముతున్నాను. రుబియెమ్ నీళ్ళు తోడుతోంది. ఆయన చెంబు అందుకోబోతూ ఆగిపోయాడు. చుక్కలది గంజి మెతుకులు కనిపెట్టి పెట్టల్ని పిలుస్తోంది. పెట్టలు పరిగెత్తుకొచ్చాయి. అవి తింటుంటే అది మెడ ఎత్తి ఆకాశం వైపు చూస్తోంది.

"ఇది నేను తెచ్చిందే కదమ్మా?"

"అవును బావగారూ."

"ఎర్రది కంచె దగ్గరుంది."

"అవును."

"మరి తమ్ముడి పుంజేది?"

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. రుబియెమ్ చేద కింద పెట్టింది.

"మీరిప్పుడు తిన్నది అదే బావగారూ." తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. "ముప్పై నాలుగేళ్ళు, ఆయన ఏది తెచ్చినా బాగుందన్నాను. ఒక్కటీ బాగాలేదు. ఈ ఒక్కసారి నేను ఎంచుకున్నా. ఈ చుక్కల్ది ఉంటుంది. ఎర్రది వచ్చే సంతకి పోతుంది. మీరేమనుకున్నా సరే."

సస్త్రో బావి గట్టు మీద కూర్చున్నాడు. ఈయన ఇప్పుడు కర్మకాండ చెడిందంటాడు, ఊళ్ళో పంచాయితీ పెడతాడు అనుకుని, ఏం తిట్టాలా అని నేను సిద్ధం చేసుకుంటున్నాను.

"ఒక్కటీ బాగాలేదా?" అన్నాడు.

"ఒక్కటీ."

"వాడికీ తెలుసమ్మా."

రుబియెమ్ అర్థం కానట్టు చూసింది.

"ఈ రాజావారిని ఎంచిన ఏడే నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. 'అన్నా, ఇదీ దండగే, నా చేతి రాతే అంత' అన్నాడు. మరి కోసి పారెయ్యరా అన్నా. 'ఎలా కొయ్యను, రుబియెమ్‌కి ప్రాణం. ప్రతిదాన్నీ చాలా బాగుందంటుంది. దాని మనసు విరిచి నేనేం బావుకుంటా' అన్నాడు."

రుబియెమ్ నిలబడ్డ చోటే బురదలో కూలబడింది.

"నాకోసం ఉంచాడా?"

"నీకోసమేనమ్మా. అన్నీ."

కర్తోని మట్టిలో పెట్టిన రోజు కూడా ఆవిడ గొంతెత్తి ఏడవలేదు, ఊరంతా మెచ్చుకున్నారు. ఇప్పుడు ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా, చంటిపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది.

"ఒక్క మాట అనుంటే... ఆయనైనా, నేనైనా... ఒక్కరోజు, ఒక్కళ్ళం అనుంటే..."

నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు తిట్టడం తప్ప ఓదార్చడం రాదు. పక్కన కూర్చుని బూడిద చేతులతోనే వీపు నిమిరాను. సస్త్రో నేల చూస్తూ కూర్చున్నాడు.

చివరికి రుబియెమ్ ముక్కు చీదుకుని తలెత్తింది.

"బావగారూ, నిజం చెప్పండి. ఇవాళ కూర ఎలా ఉంది?"

సస్త్రో నా వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. డెబ్భై ఏళ్ళ అలవాటు గొంతులో అడ్డం పడ్డట్టుంది, రెండుసార్లు గుటక వేశాడు.

"ఉడకలేదమ్మా," అన్నాడు. "నా పన్ను ఒకటి కదులుతోంది."

రుబియెమ్ ఏడుపు మధ్యలో నవ్వేసింది. ఆయనా నవ్వాడు, చెంప పట్టుకుని.